లారీ మనిషి

దుబాయ్‌లో ఒక బొమ్మల గోడౌన్‌లో నాలుగేళ్లు డబ్బాలు మోశాను. లారీ మీద నుంచి దించడం, వరుసగా పేర్చడం, మళ్లీ లారీకెక్కించడం. ఏ డబ్బాలో ఏముందో మొదట్లో పైన అంటించిన చిత్రం చూసి చెప్పేవాణ్ణి. తర్వాత్తర్వాత భుజం మీద బరువును బట్టే చెప్పేవాణ్ణి. వాటిలో ఒక రకం డబ్బా మీద రోబో చిత్రం ఉండేది, పక్కనే లారీ చిత్రం, రెంటి మధ్యా ఒక బాణం గుర్తు. అంటే ఆ రోబో లారీ అవుతుందన్నమాట. ఎలా అవుతుందో ఒక్కసారీ విప్పి చూడలేదు. విప్పితే పనిలోంచి తీసేస్తారు. ఇంటికి తిరిగొచ్చే ముందు రోజు బజారుకు పోయి, అదే బొమ్మ ఒకటి నా బిడ్డ కోసం కొన్నాను.

నేను పోయేనాటికి పిల్లకు ఆరు నెలలు. రెండేళ్లకు రావలసిన సెలవు నాకు దొరకలేదు. అయినా రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకునేవాళ్లం. “బాపూ” అంటూ ఫోన్‌కు ముద్దులు పెట్టేది. తెర నిండా పెదవులే కనపడేవి. అందుకే కోరుట్లలో బస్సు దిగి ఊరికి ఆటో ఎక్కినప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు. ఉరికొచ్చి మెడకు చుట్టుకుంటుందనుకున్నాను.

పిల్ల వాళ్లమ్మ కొంగు వెనక దాక్కుంది. కాసేపటికి తల బయటపెట్టి, నన్ను కింది నుంచి మీది దాకా చూసి, వాళ్లమ్మను గుంజింది.

“అమ్మా, బాపుకు ఫోన్ కల్పు. మనింట్ల ఎవలో అచ్చి కూసున్నరని చెప్తా.”

“గాయనే నీ బాపు, పిచ్చిదానా,” అంది మా ఆవిడ.

“కాదు. బాపు ఫోన్ల ఉంటడు.”

మా ఆవిడ నవ్వింది, మా అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. పిల్ల పట్టు వదలకపోతే మా ఆవిడ నా నంబరుకు ఫోన్ చేసింది. నా ఫోన్‌లో ఇంకా ఇక్కడి సిమ్ లేదు, కాబట్టి ఎన్నిసార్లు చేసినా కలవలేదు. పిల్ల ముఖం చిన్నబోయింది. బాపు ఫోన్ ఎత్తకపోవడం, ఇంట్లో ఎవరో మనిషి తిష్ట వేయడం, రెండూ నా తప్పే అన్నట్టు చూసింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. నేను లోపలికొస్తే పిల్ల వాకిట్లోకి. నేను వాకిట్లోకి పోతే పిల్ల లోపలికి. అన్నం ముద్ద నోటికందిస్తే మూతి బిగించింది. నాకసలే కోపం ఎక్కువ. నా మీద నాకొచ్చిన కోపాన్ని కూర మీద, ఎండ మీద, మా ఆవిడ మీద చూపించాను.

మూడో రోజు పొద్దున కోరుట్లకు పోయి సిమ్ వేయించుకొచ్చాను. అన్నం తిన్నాక బొమ్మ డబ్బా బయటికి తీశాను. నాకు మిగిలిన ఉపాయం అదొక్కటే. దానికి కూడా పిల్ల దగ్గరికి రాకపోతే ఇంకేం చేయాలో నాకు తెలియదు.

మా అమ్మ వాకిట్లో బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు, దారం. ఎదురుగా పిల్ల ఇంకో చిన్న చాట ముందు పెట్టుకుని కూర్చుంది. కార్ఖానాలో బీడీలు పట్టి చూసి తీసుకునే సారు ఉంటాడు కదా, పిల్ల ఆట ఆ సారు ఆట. మా అమ్మ చుట్టిన బీడీని తీసుకుని, రెండు కొసలూ ఒత్తి, వేళ్ల మధ్య దొర్లించి, “గిది మంచిగున్నది. గిది లూజున్నది,” అని తేల్చేది. లూజుగా ఉన్నదాన్ని అవతల పారేసేది. మా అమ్మ దాన్ని మళ్లీ ఏరుకునేది.

నేను బొమ్మను ఆ చిన్న చాటలో పెట్టి, మా ఇంటి నీలం తలుపుకు ఆనుకుని కూర్చున్నాను.

పిల్ల నన్ను చూడలేదు. బొమ్మను చూసింది. సరుకు వచ్చాక సారు చూడక తప్పదు. రెండు వేళ్లతో ఎత్తింది. అరచేతిలో ఇమిడేంత మనిషి. ఆకుపచ్చ ఛాతీ, బూడిద రంగు కాళ్లు, భుజాల వెనక రెండు చక్రాలు, పిక్కల మీద రెండు చక్రాలు. మోకాలు వంచింది, మోచెయ్యి వంచింది, నడుము తిప్పింది. ప్రతి కీలూ చిన్నగా కిర్రుమని, పెట్టిన చోటే ఆగింది. ఒంటికాలి మీద నిలబెడితే నిలబడింది. ఎప్పుడు ముందుకు జరిగానో, నేనూ వంగి చూస్తున్నాను. గోరంత ముఖంలో కళ్లు, ముక్కు, దవడ, అన్నీ ఉన్నాయి. నాలుగేళ్లు నా భుజం మీద పోయినవి ఇవేనా? ఆ డబ్బాలను ఎన్నిసార్లు విసురుగా దించానో గుర్తొచ్చి సిగ్గేసింది.

“గీ చెయ్యి లూజున్నది,” అంది పిల్ల, ఎవరితో అన్నది కాదు, కుడి భుజాన్ని ఆడిస్తూ. నిజమే, కొంచెం వదులు. అంత చిన్న వేళ్లకు ఎలా తెలిసిందో!

“ఉండు, దీన్ని లారీ చేస్త సూడు,” అని బొమ్మను అందుకున్నాను. డబ్బాలో వచ్చిన కాగితం మీద అక్షరాలు లేవు, వరుసగా చిత్రాలే ఉన్నాయి. రెండు చూసి పక్కన పడేశాను. ఇన్నేళ్లు మోసినవాణ్ణి నాకు తెలియదా అన్న పొగరు. కాళ్లు కలిపాను, నడుము తిప్పాను. చేతులు వెనక్కి పోవాలి, పోవడం లేదు.

“ఏందిరా గట్ల గుంజుతున్నవ్? మెల్లగ!” అంది మా అమ్మ.

“నాకు తెల్వదా?” అంటూ బలం పెట్టాను. టక్కుమంది. బొమ్మ కుడి చెయ్యి ఊడి, ఎగిరి, తునికాకుల్లో పడింది.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చినా బాగుండేది. కాయలు కాసిన నా చేతుల వైపు చూసింది. ఎవరో మనిషి మూడు రోజులుగా ఇంట్లో ఉండి చేసిన పని ఇదీ.

తర్వాత పిల్ల ఆకులు కదిలించి ఆ చేతిని వెతికి తీసింది. దాని కొస చూసింది. కొసన మిరియపు గింజంత గుండు. బొమ్మ భుజం చూసింది. అక్కడ సరిగ్గా అంతే గుంట.

“ఇరగలే,” అంది. “ఊడింది.”

గుండును గుంటలో పెట్టి ఒత్తింది. బలం చాల్లేదు. మళ్లీ ఒత్తింది. వాళ్లమ్మ ఇంట్లో ఉంది, నాయనమ్మ చేతులకు పొగాకు ఉంది. చుట్టూ చూసి, వేరే దారి లేక బొమ్మను నా ముందుకు చాచింది.

“ఒత్తు.”

మూడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది. ఒత్తాను. టిక్కుమని కూర్చుంది.

ఇంతలో మా ఆవిడ బయటికొచ్చి, నేను పడేసిన కాగితం తీసి ఆఖరి చిత్రం చూపించింది. “ఇగో, గిండ్ల ఏసిండ్రు గదా.” ఊడిన చెయ్యి, భుజం, మధ్యలో బాణం. ఎవరో ఒకరు మొండిగా గుంజుతారని, గుంజితే విరగకుండా ఊడిపోవాలని, ఒత్తితే మళ్లీ కూర్చోవాలని, ఎక్కడో ఏ దేశంలోనో ఒక మనిషి కూర్చుని ఆలోచించాడు. నాలాంటి మొరటువాణ్ణి ముందే లెక్కలోకి తీసుకున్నాడు. ఆ మనిషి ఎవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఈసారి కాగితం నా ఒళ్లో, బొమ్మ పిల్ల చేతిలో. నేను దాటేసిన చిత్రం ఒకటుంది. ముందు తల లోపలికి పోవాలి, అప్పుడే చేతులకు దారి. పిల్ల వేలితో తలను నొక్కింది. ఛాతీ తలుపులా తెరుచుకుని తల లోపలికి దిగిపోయింది. చేతులు మెత్తగా వెనక్కి మడతపడ్డాయి. ఛాతీ లారీ ముందు భాగమైంది, కాళ్లు వెనక తొట్టి అయ్యాయి, నాలుగు చక్రాలూ నేలకు ఆనాయి. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. నేను నోరెళ్లబెట్టాను. మా అమ్మ చుట్టడం ఆపేసింది.

“అమ్మో, గా మనిషేడ పోయిండే?” అంది.

“గిండ్లనే ఉన్నడు,” అంది పిల్ల, అంత మామూలుగా.

చాట అంచు మీద లారీని నడిపించి చూసి, “మంచిగున్నది,” అని తేల్చేసింది. వెంటనే వాళ్లమ్మ వైపు తిరిగింది. “అమ్మా, బాపుకు ఫోన్ కల్పు. గిది చూపెడత.”

జానెడు దూరంలో కూర్చున్నాను నేను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మా ఆవిడ నా ముఖం చూసి, వీడియో కాల్ చేసి ఫోన్ పిల్లకిచ్చింది. నా చొక్కా జేబులో ఫోన్ మోగింది.

పిల్ల ఉలిక్కిపడింది. నేను ఫోన్ ఎత్తాను. రెండు ఫోన్లూ పక్కపక్కనే ఉండేసరికి కుయ్యిమని ఒకటే మోత. పిల్ల చేతిలోని తెర మీదికి నా ముఖం వచ్చింది.

“బాపూ!” అని అరిచి, లారీని ఫోన్‌కు చూపించబోయి ఆగిపోయింది. తెర మీద నా వెనక నీలం తలుపు, తలుపు మీద తను సుద్దముక్కతో గీసిన గీతలు. ఫోన్‌లోకి చూసింది. నన్ను చూసింది. మళ్లీ ఫోన్‌లోకి చూసింది. అప్పుడు చెయ్యి చాపి నా గడ్డం పట్టుకుని, బీడీని తిప్పి చూసినట్టే అటూ ఇటూ తిప్పింది. తెర మీది ముఖం కూడా అటూ ఇటూ తిరిగింది.

“బాపూ, నువ్వు మనింట్లనే ఉన్నవా?”

“ఉన్న బిడ్డా.”

ఫోన్‌ను చాటలో బోర్లా పెట్టింది. లారీని నా చేతిలో పెట్టింది.

“గట్లయితే మళ్ల మనిషిని చెయ్యి,” అంది.