నలభై నాలుగు గీతల నర్సవ్వత్త

గడిచిన అమావాస్యకు నాలుగు రోజుల ముందు మా మేనత్త నర్సవ్వ కన్నుమూసింది. వార్త విని దిగ్భ్రాంతి చెందానని రాయడం ఆనవాయితీ. నేను వార్త వినలేదు, మంచం పక్కనే కూర్చుని ఉన్నాను. దిగ్భ్రాంతి మాత్రం నిజం. అర్ధణా ఉప్పు కోసం మూడు దుకాణాలు తిరిగి బేరమాడే మనిషి, ప్రాణం దగ్గర ఒక్క మాటైనా బేరమాడకుండా అడిగిన వెంటనే ఇచ్చేసింది.

మరునాడు మా వాడకట్టులో కులపెద్ద పదిమందిని కూర్చోబెట్టి ఆమెను త్యాగమూర్తి అన్నాడు, నేతకులానికి అఖండజ్యోతి అన్నాడు. నిన్నమొన్నటి దాకా పిసినిగొట్టు నర్సి అన్నదీ ఈ నోరే. అఖండజ్యోతి అనే మాట ఆమె చెవిన పడితే నూనె ఎవరు పోస్తున్నారని అడిగి ఉండేది. నకిరేకల్ చుట్టుపక్కల మగ్గాల ఇళ్లలో ఆమెను ఎరగనివారు లేరు. ఎరిగి ఒక మంచిమాట అన్నవారూ లేరు. కనుక ఎరగని పాఠకుల కోసమే ఈ నాలుగు మాటలు.

అత్త పెనిమిటి మల్లయ్య మామ సౌమ్యుడు, మితభాషి, మగ్గం గుంట విడిచి ఎరుగని మనిషి. ఆయన పోయినప్పుడు మల్లయ్య పేరు నిలవాలె అని తీర్మానించింది కూడా పైన చెప్పిన కులపెద్దే. పదోనాడు ఊరంతటికీ మేకమాంసంతో భోజనాలు. షావుకారు, చితి చల్లారకముందే, నూరు నిజాం హాలీ రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి కాగితం మీద అత్త వేలిముద్ర తీసుకున్నాడు. మామ పేరు నిలిచిన మాట వాస్తవం. షావుకారి పెట్టెలో, ఆ బాకీ కాగితం మీద నిలిచింది. అత్తకు పిల్లలు లేరు. మిగిలింది ఒక మగ్గం, ఆ కాగితం.

ఆ విందు సంగతి ఎవరెత్తినా ఆమె ఒకటే చెప్పేది: "మీ మామ బతికినన్నొద్దులు యాటకూర తిన్నది ఏడాదికి రెండుమాట్ల. ఆయన సచ్చినంక ఊరోళ్లు కూసొని మూడు యాటలు తిన్నరు. బొక్కలు నాకు, బాకీ నాకు."

పదకొండోనాటి నుంచి పొదుపు మొదలైంది. మహాత్ములు ముందు ఇతరులకు బోధిస్తారు. ఈమెకు బోధించడానికి ఇంట్లో ఎవరూ లేకపోవడంతో తన నోటి నుంచే మొదలుపెట్టింది. ముందు చుట్ట మానేసింది. తర్వాత తెల్లన్నం పండుగలకే పరిమితమైంది, మిగతా రోజులన్నీ జొన్నరవ్వ ఉడికించిన గట్కే. పొద్దుగూకితే మగ్గం దిగేది, దీపపు నూనె మిగిలేది. నూలుకు పెట్టడానికి కాచిన గంజిలో అడుగున మిగిలింది ఉప్పేసుకుని తాగేది. నేను ముఖం చిట్లిస్తే, "పడుగు తాగినంక మిగిలింది మనిషి తాగాలె అల్లుడా. పడుగు పస్తుంటే ఇద్దరం పస్తే" అనేది. ఇందులో వేదాంతమేదో ఉందని కొన్నాళ్లు అనుకున్నాను. వేదాంతం లేదు, నిజంగా గంజే.

ఆమె ఇంట్లో అగ్గిపెట్టె ఉండేది కాదు. రాత్రి పిడకలో నిప్పు కప్పిపెట్టి పొద్దున ఊది రాజేసేది. వాడకట్టు ఆడవాళ్లు నిప్పు కోసం చిప్పలు పట్టుకుని ఆమె గడప దగ్గరికే వచ్చేవారు. "నిప్పు ఊరికే ఇస్త. పిడక మాత్రం మళ్ల తెచ్చియ్యాలె" అనేది. ఎవరూ తెచ్చేవారు కారు. ఎవరు తేలేదో ఆమెకు గుర్తుండేది, అయినా మర్నాడు మళ్లీ నిప్పు ఇచ్చేది. ఈ పద్ధతిలో లాభమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నెలకు మూడు రూపాయలు. ప్రతి అమావాస్యనాడు షావుకారి అరుగు ముందు నిలబడి, పెట్టెలోంచి కాగితం తీయించి, వెనక వైపు జమ రాసేదాకా కదిలేది కాదు. అక్షరం రాదు, గీతలు లెక్కపెట్టడం వచ్చు. ఇంటికి వచ్చి పడుగులో తెగిన పోగు ఒకదానికి ముడి వేసేది. ఎన్ని ముళ్లో కాగితం మీద అన్ని గీతలుండాలి. ఒక అమావాస్యకు షావుకారు డబ్బు గల్లాపెట్టెలో వేసుకుని, కలం ఊరికే ఆడించి కాగితం మడిచాడు.

"పోయిన అమాసకు ఇరువై గీతలు. ఇయ్యాల గూడ ఇరువయ్యే ఉన్నయి షావుకారీ."

"నీకు సదువొస్తదానె?"

"రాదు. ఎంచుడొస్తది."

షావుకారు గీత రాశాడు. పదిమంది చూస్తుండగా రాశాడు కాబట్టి ఆమెను గయ్యాళి అన్నారు. గయ్యాళితనం తప్ప మరే విద్యా అక్కరకురాని అరుగులు లోకంలో ఉంటాయని ఆ పదిమందికి తెలియదు. ఆ పదిమందిలో నేనొకణ్ణి.

తర్వాత సంఘం రోజులు వచ్చాయి. వెట్టి పోయింది, దొర పారిపోయాడు, ఊరు మొదటిసారి తలెత్తి నడిచింది. ఇందులో హాస్యం లేదు. హాస్యమంతా నా పాత్రలోనే ఉంది. షావుకారు రెండు రోజుల ముందే పట్నం జారుకోగా, అతని కాగితాల పెట్టెను వీధిలోకి తెచ్చి మంట వేశారు. చదువుకున్నవాడినని, పేర్లు చదివి కాగితాలు మంటలో వేసే మహత్కార్యం నాకు అప్పగించారు. కాగితానికొక ఉపన్యాసం చొప్పున వేస్తూ పోయాను. మా బాపు పేరు వచ్చినప్పుడు తల మీదికెత్తి అందరికీ చూపించి మరీ వేశాను. ఆ కాగితం వెనక మూడేళ్లుగా బాపు కట్టిన జమలున్నాయి. వెనక్కి తిప్పి చూడలేదు. ఉపన్యాసం మధ్యలో కాగితం తిప్పితే ఊపు పోతుంది.

అప్పుడొచ్చింది అత్త, చేతికి గంజి అంటుకుని ఉండగానే.

"ఓ అల్లుడా, నా కాగితం నాకియ్యి."

"ఇంక బాకీ యాడిదత్తా, అంత మాఫీ. కాలుతాంది సూస్తలేవా?"

"సూస్తున్న. కాలేది వాని బాకీ గాదుర, నేను గట్టిన జమ."

జనం ఘొల్లున నవ్వారు. ఇంతమందికి స్వేచ్ఛ వస్తుంటే నర్సవ్వకు కాగితం కావాలట, పొయ్యిలో వేసి రాజేసుకుంటుందట. నేనూ నవ్వాను, పీడ విరగడవుతుందని కాగితం ఇచ్చేశాను. ఆమె వెనక్కి తిప్పి వేలు పెట్టి గీతలు లెక్కపెట్టుకుంది. నలభై నాలుగు. కొంగున ముడేసుకుని మగ్గానికి వెళ్లిపోయింది. నా మిగతా ఉపన్యాసాలు వినలేదు.

ఆ తర్వాత యూనియన్ సైన్యాలు వచ్చాయి. నన్నూ పట్టుకుపోయారు. రెండు రోజులు కూర్చోబెట్టి, నా విప్లవ ప్రాముఖ్యం ఎంతో తూచి చూసి, ఇంటికి పొమ్మన్నారు. నేను వచ్చేసరికి బడిలో పోలీసు క్యాంపు, వాళ్ల వెనకే షావుకారు. కొత్త కాగితాలు, కొత్త సిరా, పాత బాకీలు. ఎవరెంత తీసుకున్నారో అణాలతో సహా గుర్తుంది, ఎవరెంత కట్టారో పాపం మరిచిపోయాడు. ఇంటింటికీ ఒక జవానును వెంటబెట్టుకుని వెళ్లి వేలిముద్రలు వేయించుకున్నాడు. ఉపన్యాసాలిచ్చిన మేమెవరమూ ఆ వారం నోరు తెరవలేదు.

అత్త ఇంటికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆమె మగ్గం గుంటలోంచి కాళ్లు కూడా తీయలేదు.

"నర్సవ్వా, నీది గూడ కొత్తగ రాద్దం. నూరు రూపాయలు, మీదంగ మిత్తి."

"పాతదే సక్కగున్నది షావుకారీ. కొత్తదెందుకు దండుగ?"

చూరులో దోపిన వెదురు గొట్టంలోంచి కాగితం తీసి విప్పింది. షావుకారు చెయ్యి చాపాడు.

"ఏది, ఇటియ్యి సూస్త."

"సూసేది కండ్లతోని గద. చేతులెందుకు?"

వెంట వచ్చిన జవాను నవ్వాడు. నవ్వే పోలీసు ముందు ముసలమ్మ చేతిలోంచి కాగితం గుంజుకోవడం షావుకారి మర్యాదకు కుదరలేదు. నేను జమలన్నీ పైకి చదివాను. రాత అతనిదే. ఇన్నేళ్ల వడ్డీ పోగా బాకీ తొమ్మిది రూపాయలు, ఆగిన నెలల మిత్తితో కలిపి పదకొండు తేలింది. అత్త కుండలోంచి పదకొండు తీసి గడప మీద పెట్టింది. అందరి బాకీలూ మాఫీ అయి ఊరు పండుగ చేసుకున్న నెలల్లో కూడా ఆమె మూడేసి రూపాయలు పక్కకు పెడుతూనే వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. షావుకారు వంగి ఏరుకుని, కాగితం మీద చెల్లు రాసి వెళ్లిపోయాడు.

"గా దొంగకు ఇంక ఎందుకిస్తివి అత్తా?"

"వానికిచ్చిన్ననుకున్నవా? వాని కాలు నా గడప తొక్కకుండ కొనుక్కున్న."

మా బాపు అప్పటికే వేలిముద్ర వేసి ఉన్నాడు. కట్టిన మూడేళ్లూ గాలికి పోయి, నూట ముప్పై. మగ్గం తాకట్టు. ఆ సాయంత్రం అత్త మా ఇంటికొచ్చి ఓదార్పు మాట ఒక్కటీ చెప్పకుండా నా ఎదుట కూర్చుంది.

"ఉపన్యాసం మంచిగ చెప్పినవ్ అల్లుడా. నూటముప్పై పడ్డది. ఇంకోటి చెప్పకు, కట్టలేం."

మర్నాడే తన కుండా చాపా తెచ్చుకుని మా ఇంట్లో దిగింది. రెండు పొయ్యిలు ఒకటయ్యాయి. బాపు రోజూ తాగే కల్లు వారపు అంగడినాటికి పరిమితమైంది. నా సిగరెట్లు నేలరాలాయి, పత్రిక బడి పంతులు దగ్గర ఊరికే చదువుకోమన్నది. "వార్త మారదు గద, కొన్నా కొనకున్నా." బాపు రెండు రోజులు అలిగి గట్క తినలేదు. ఆమె మూడో రోజు గట్క తక్కువ వండింది. నెలకు నాలుగు రూపాయలు మిగిలాయి. పడుగులోంచి కొత్త పోగు కోసి మగ్గం గుంజకు కట్టింది. నేలను తాకుతోంది.

"ఇంత పొడుగెందుకత్తా, నూలు దండుగ గాదా?"

"మీ బాపు బాకీ పొడుగున్నది. నేనేం జేద్దు?"

పద్నాలుగు ముళ్లు పడ్డాక ఆమెకు జ్వరం వచ్చింది. నల్లగొండ దవాఖానకు తీసుకుపోదామని అమ్మ బండి మాట్లాడింది. కిరాయి నాలుగు రూపాయలు. అత్త కళ్లు తెరవకుండానే, "గా నాలుగు రూపాయలు అమాసయి. ముట్టొద్దు" అన్నది. మేం ముట్టలేదు. ఆమె మాట వినడం మాకు అంతగా అలవాటైపోయింది. ఆమె చేసిన పొదుపుల్లో నేను క్షమించనిది ఇదొక్కటే. ఆ రోజు తల ఊపిన నన్నూ క్షమించను.

ఆమె పోయిన మూడోనాడు కులపెద్ద, షావుకారు జంటగా పరామర్శకు వచ్చారు. షావుకారు కండువాతో కళ్లు ఒత్తుకుని, ఇంత నీతిగల ఆడమనిషిని ఎరగనన్నాడు. నిజమే, ఎరిగి ఉంటే కలం ఊరికే ఆడించేవాడు కాదు.

"తమ్మీ, నర్సవ్వ పేరు నిలవాలె. పదోనాడు ఊరంత తినాలె" అన్నాడు కులపెద్ద మా బాపుతో. "పైసలకు ఫికర్ జెయ్యకు, షావుకారి ఇస్తనంటున్నడు."

"ఎంతిస్తరు?" అన్నాను నేను.

"నూరు చాలు గద."

"మల్లయ్య మామ పేరు గూడ నూరుకే నిలవెట్టిన్రు. ధర పెరగలేదన్నట్టు."

"గిట్లయితే దినాలకు మేమెవ్వలం రాము."

"అత్త గూడ గదే కోరుకునేది, పెద్దయ్యా."

బాపు మాత్రం నవ్వలేదు. సొంత అక్క, పైగా ఊరి నోటికి భయపడే మనిషి. సరేనంటాడనే అనుకున్నాను. మగ్గం గుంజకు వేలాడే పోగువైపు చూశాడు.

"బాకీ వద్దు. ఇంట్ల జొన్నలున్నయి" అన్నాడు.

పదోనాడు గట్క, చింతచిగురు పప్పు. మగవాళ్లు నలుగురు వచ్చారు. వాడకట్టు ఆడవాళ్లు మాత్రం పొద్దున్నే ఒక్కొక్కరుగా వచ్చి, తలా ఒక పిడక మా పొయ్యి పక్కన పెట్టిపోయారు. గట్క వాటి మీదే ఉడికింది.

ఆ పదిరోజుల నడుమనే అమావాస్య వచ్చింది. నాలుగు రూపాయలు పట్టుకుని షావుకారి అరుగు ముందు నిలబడ్డాను.

"అత్త పోయె, ఇంట్ల ఖర్చులుంటయి. ఈ నెలకు ఆగుత తియ్యి" అన్నాడు ఎంతో దయగా.

"ఆగకుర్రి. రాయుర్రి."

రాశాడు. నేను కాగితం మీద వేలు పెట్టి, పైకి వినబడేలా, ఒకటి నుంచి లెక్కపెట్టాను. పదిహేను.

"నీకు సదువొచ్చు గదర, ఎంచుడెందుకు?" అన్నాడు అసహ్యంగా.

ఇంటికొచ్చి పదిహేనో ముడి నేను వేశాను. పోగు ఇంకా నేలను తాకుతూనే ఉంది, చివరి ముడి దాకా సరిపోయేంత. పావలా నూలు దండుగ కానివ్వని మనిషి, తనకున్న కాలం కంటే రెండేళ్లు ఎక్కువ కోసి పెట్టి వెళ్లిపోయింది. ఆ మిగిలిన పొడుగును ఎలా ముడివేయాలో మాకు తెలుసు. వేస్తున్నప్పుడు పక్కన కూర్చుని తిట్టే మనిషిని మాత్రం ఏ షావుకారూ అప్పియ్యడు.