మా అత్తమ్మ నమ్మిన మొదటి నంబరు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీకందరికీ నా వందనాలు. నా పేరు ఎస్తేరు, మాది మెదక్ వైపు, ఇప్పుడు మాదాపూర్‌లో కిరాయికుంటున్నాం. ఈ పత్రికలో వచ్చే సాక్ష్యాలన్నీ చదువుతాను, ఫలానా అన్న తాగుడు మానాడని, ఫలానా తమ్ముడు పేకాట మానాడని. దేవునికి స్తోత్రం, కానీ ఆ ఇళ్ల ఆడవాళ్లను చూసి నేను కుళ్లుకున్న రోజులున్నాయి, ఎందుకంటే తాగే మొగుడుంటే ఇరుగుపొరుగు అయ్యో పాపం అంటారు, పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు, నా దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ "కంప్యూటర్ ఉద్యోగం, ఎంత అదృష్టమమ్మా" అనేవాళ్లే! మా ఆయన జయరాజ్ చుక్క ముట్టడు. ఆయన్ని పట్టుకున్న పీడ వేరే ఉంది, దాన్ని గురించి కోపం లేకుండా చెప్పడం నాకు చేతకాదు, క్షమించండి.

హైటెక్ సిటీలో ఆ గుండ్రటి పెద్ద భవనం కొత్తగా తెరిచిన రోజులవి. ఆయన పనిచేసేది అందులో కాదు, దానికి కాస్త దూరంలో ఒక సందులో, పిండిగిర్ని మీద రెండు గదుల ఆఫీసు. ఇంటర్నెట్ ఎరగని వాళ్ల కోసం చెబుతున్నాను, అందులో మనం ఏదైనా ఒక మాట కొట్టి వెతికితే ఆ మాటకు సంబంధించిన పేజీల జాబితా వస్తుంది, ఆ జాబితాలో తమకు డబ్బిచ్చి పని అప్పజెప్పిన వాళ్ల పేజీ అందరికంటే పైన కనబడేలా చేయడమే వాళ్ల పని. జాబితా వేసే యంత్రాలు ఎక్కడో అమెరికాలో ఉంటాయి, ఏది పైన పెట్టాలి ఏది కింద పెట్టాలి అని వాటికి కొన్ని లెక్కలుంటాయి, ఆ లెక్కలు వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడల్లా మార్చేస్తారు, ఒకరికి చెప్పేది లేదు, ఒకరిని అడిగేది లేదు! ఏ యంత్రం ఏ లెక్క మార్చిందో పసిగట్టి వార్తలు రాసేవాళ్లు కొందరున్నారట, ఆ వార్తలు ఆఫీసు కంప్యూటర్‌కు వస్తాయి, మా ఆయన పొద్దున లేచి ముఖం కడుక్కున్నాడో లేదో పరుగెత్తుకుంటూ పోయి వాటిని చదివేవాడు. నిన్న పేజీ పేరులో మాట ఉంటే చాలన్నారు, ఇవాళ కాదు, లోపల ఎన్నిసార్లుందో చూస్తున్నారు అన్నారు, రేపు ఇంకోటి! పేజీ పైకి పోతే ఆ రోజు మా ఇంట్లో నవ్వు, కిందికి జారితే అన్నం మీద అలుక. మేము బైబిలు తెరిచే వేళకు ఆయన ఆ వార్తల్లో మునిగి ఉండేవాడు, ఆదివారం ప్రసంగం మొదలయ్యేసరికి మెల్లగా చెప్పులేసుకుని జారుకునేవాడు. పైగా ఆ కాస్త ప్రార్థనలో కూడా "ప్రభువా, మా పేజీని మొదటి స్థానంలో నిలబెట్టు" అని అడిగేవాడు. దేవాది దేవుణ్ణి అడగాల్సిన మాటలా ఇవి?

ఆఫీసు వాళ్లకు ముఖ్యమైన బేరం ఒక మూలికల వైద్యశాలది. సూదులు అక్కర్లేకుండా షుగర్ జబ్బు మాన్పుతామని చెప్పి, పొడి పొట్లాలు కట్టి పై దేశాలకు కూడా పంపేవాళ్లు. వాళ్ల పేరు రాయను, రాస్తే వాళ్లకు ఉచితంగా ప్రకటన వేసినట్టవుతుంది. ఆ పేజీని మొదటికి తేవడానికి మా ఆయన చేసిందేమిటో అప్పుడు నాకు తెలియదు. నాకు నెలలు నిండుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఎగిరి గంతేస్తూ ఇంటికొచ్చాడు, షుగర్ జబ్బు అని వెతికితే తమ పేజీయే మొదటిదట, ఆ జాబితాను కాగితం మీద అచ్చు తీయించి తెచ్చి, అత్తమ్మ మంచానికి ఎదురుగా గోడకు అంటించాడు. ఆదివారం మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది! పొడితో ఎవరి జబ్బైనా నయమైందా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు మాత్రం ఒళ్లు మండి, నడుము నొప్పి అని చెప్పి బయటికొచ్చి నిలబడ్డాను.

మా అత్తమ్మ దేవమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. ఆమెకు ఎన్నో ఏళ్లుగా షుగర్. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది నేనే వేసేదాన్ని, దవాఖాన నర్సమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, ఆ సీసాకు తడిగుడ్డ చుట్టి కుండ పక్కన నీడలో దాచేదాన్ని. నేను సూది తీస్తే చాలు మా ఆయన అవతలికి వెళ్లిపోయేవాడు, వాళ్లమ్మను పొడుస్తుంటే చూడలేడు, చిన్నప్పటి నుంచి అంతేనట. నేను పురిటికి పుట్టింటికి వెళ్లేముందు వీధి చివర కాంపౌండరును పిలిపించి, రోజూ వచ్చి సూది వెయ్యమని ఒప్పించి, మా ఆయనకు వెయ్యిసార్లు చెప్పి మరీ వెళ్లాను.

మూడో నెల వెళ్లాక బిడ్డను ఎత్తుకుని తిరిగొచ్చాను. గుమ్మంలోనే వాసన కొట్టింది. అత్తమ్మ మంచం మీద కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, మనవరాలిని ఇయ్యమని చేతులు చాపింది, ముఖం పీక్కుపోయింది, పెదాలు ఎండిపోయాయి. దుప్పటి తీసి చూస్తే కుడికాలి వేళ్లు నల్లబడి ఉన్నాయి. చెప్పు కరిచిందట, చిన్న పుండేనట! కుండ పక్కన చూస్తే ఇన్సులిన్ సీసా నేను పెట్టిపోయినట్టే ఉంది, దాని వెనక పొడి పొట్లాలు వరుసగా ఉన్నాయి. సహోదరులారా, అదే ఇంట్లో తిని, అదే ఇంట్లో పడుకుని, కన్న కొడుకు ఇది చూడలేదు! అమెరికాలో యంత్రం ఏ పూట ఏ లెక్క మార్చిందో ఆయనకు తెలుసు, తల్లి కాలు తెలియదు. ఆ రోజు నేను నోటికొచ్చినట్టు తిట్టాను, దేవుడు నన్ను క్షమించాడనే అనుకుంటున్నాను.

అత్తమ్మ మాత్రం నింపాదిగా ఉంది. కాంపౌండరును తనే వద్దని పంపేసిందట. "ఏందమ్మా గట్ల చూస్తవు? సూదులు బందు చేసిన. పిలగాడే కాయితం తెచ్చి నా కండ్ల ముందర అంటించిండు గదా" అంది. పక్క వాటాలో చదువుకునే అమ్మాయితో ఆ కాగితం చదివించుకుందట, సూది లేకుండా షుగర్‌కు మందు, అన్నిటికంటే మొదటిది అని ఆ పిల్ల చెప్పిందట, ఇంకేముంది, పొడికి మనిషిని పంపింది. "వాడు నోరు తెరిచి చెప్పే రకమా? నాకు సూదులు పొడుస్తుంటే సూడలేక ఏడికెల్లో ఎతికి తెచ్చిండు" అని ఆ కాగితాన్ని చూసి మురిసిపోయింది. మా ఆయన తన గొప్ప చూపించుకోవడానికి అంటించిన కాగితాన్ని ఈ తల్లి తన మీది ప్రేమ అనుకుంది.

దవాఖానకు పోదామంటే రానంది. కాలు తీసేస్తారని భయం ఒకటి, కొడుకు తెచ్చిన మందును కాదంటే వాడు చిన్నబోతాడని ఇంకొకటి. కొడుకే వచ్చి కాళ్లావేళ్లా పడి అది మందు కాదమ్మా అన్నా వినలేదు, నేను తిట్టానని వాడు మాట మారుస్తున్నాడనుకుంది. "మొదటి నంబరు ఉత్తగనే ఇస్తరా?" అని ఎదురడిగింది. ఉపవాస ప్రార్థనకు వచ్చే ఒక సహోదరి అయితే ఇంకా ముందుకెళ్లి, సూది మానడమే విశ్వాసం, మీ అత్తగారికున్న విశ్వాసం నీకు లేదమ్మా అని నాకు బుద్ధి చెప్పింది. ఆమె సూదిని మానమంది, తన కళ్లద్దాలు మాత్రం మానలేదు! అయ్యగారు మంచివారు, వచ్చి చూసి, ముందు దవాఖాన, ప్రార్థన దారిలో చేసుకుందాం అన్నారు, ఆయన మాట కూడా అత్తమ్మ చెవికెక్కలేదు. మర్నాడు పొద్దున అత్తమ్మ ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. బిడ్డను పక్కన పడుకోబెట్టి నేల మీద మోకరించి, జీవితంలో చేయని ప్రార్థన చేశాను. "ప్రభువా, ఈ ముసలామె కళ్లు తెరిపించు. ఆ పేజీని పడగొట్టు. ఎంత లోతుకు పడితే అంత మంచిది" అని ఏడ్చాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. బయటికెళ్లి ఆటో తెచ్చాడు, వాళ్లమ్మ దగ్గర కూర్చుని, "అమ్మా, ఆ కాయితం ఏడికెల్లి వచ్చిందో నీకు చూపిస్త, చూసినంక నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటకు ఆమె ఒప్పుకుంది. ఆటోవాడు, ఆయన కలిసి కుర్చీ మీద కూర్చోబెట్టి పిండిగిర్ని మెట్లెక్కించారు, నేను బిడ్డతో వెనక.

ఆఫీసులో యజమాని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు, కర్నూలు వైపు మనిషి. ఆ పొద్దుటే వార్త వచ్చిందట, పేజీల్లో మాటలు దాచిపెట్టిన వాళ్లను యంత్రం పట్టుకుంటోంది, దొరికినవాళ్లను జాబితాలోంచి తీసేస్తోంది అని. ఆయన అత్తమ్మను చూసి కంగారుపడి తన మెత్తటి కుర్చీ ఇచ్చాడు, మంచినీళ్లు తెప్పించాడు, కాలు చూసి అయ్యో అన్నాడు కూడా! ఆ నోటితోనే మా ఆయన వైపు తిరిగి, "ఏం జయరాజ్, మన పేజీ పడిపోతాదప్పా, ఆ మాటలు తీసేసి ఇంకో ఉపాయంతో పెట్టి, ఆమైన మీ అమ్మను తీసుకొని పో" అన్నాడు. చెడ్డవాడని అనను, అదే నాకు ఎక్కువ కోపం, కుర్చీ ఇవ్వడం తెలిసిన మనిషికి ఆ కాలు ఎందుకలా అయిందో ఆలోచించడం తెలియలేదు.

మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ తెరిచాడు. ఆకుల బొమ్మ, నవ్వుతున్న మనుషులు, కింద తెల్లటి ఖాళీ. ఆ ఖాళీ మీద మౌస్‌తో పైనుంచి కిందికి గీత గీసినట్టు లాగాడు, అంతే, తెల్లటి చోటంతా నీలంగా మారి దాంట్లోంచి అక్షరాలు బయటపడ్డాయి, తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు అప్పటిదాకా దాగి ఉన్నాయి, ఒకటే మాట, వరస మీద వరస. అత్తమ్మకు ఇంగ్లిషు రాదు, కానీ ఒకటే ఆకారం మళ్లీ మళ్లీ ఉందని ఎవరికైనా తెలుస్తుంది.

"గిదేంది బిడ్డా, ఒక్కటే మాట గిన్నిసార్లు?" అంది.

"షుగర్ అని రాసుందమ్మా. మిషన్ దీన్ని లెక్కపెట్టుకొని మమ్మల్ని పైన పెట్టింది. రాసింది నేనే."

అత్తమ్మ తెర మీద వేలు పెట్టింది. "ఇది నా రోగం పేరు. మందు పేరేది?" అంది.

యజమాని కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు ఆమె మెల్లగా, "అయితే ఆ కాయితం నాకోసం తేలేదా బిడ్డా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాడు. నా పెళ్లయిన నాటి నుంచి ఆయన ఏడవడం అదే మొదటిసారి చూడటం. అబద్ధం చెప్పి ఆ తల్లి మనసు నిలబెట్టి ఉండొచ్చు, అప్పుడు ఆమె ప్రాణం పోయేది. ఆ ఒక్క మాట చెప్పే బలం ఆయనకు దేవుడే ఇచ్చాడని నేను నమ్ముతాను. అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "పా, దవాఖానకు పోదాం" అంది. యజమాని అడ్డమొచ్చి, ఒక్క పది నిమిషాలు జయరాజ్, పేజీ సంగతి చూసి వెళ్లు అని బతిమాలాడు. మా ఆయన వాళ్లమ్మను లేవదీస్తూ, "పడిపోనియ్యండి సార్" అన్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ మమ్మల్ని తిట్టని తిట్టు లేదు, తిట్టాల్సిందే. ఇంకాస్త ఆలస్యమైతే మోకాలి దాకా తీసేవాళ్లం, ఆ పైన ప్రాణానికి కూడా మాటివ్వలేం అంది. వేళ్లు పోయాయి, పాదం నిలిచింది, ప్రాణం నిలిచింది, దేవునికే మహిమ! సంఘమంతా ఆ మంచం చుట్టూ వంతులు వేసుకుని ప్రార్థించింది, మందు ఆపమని అన్న సహోదరి గంజి కాచి తెచ్చింది, నేను తీసుకున్నాను, కోపం పోలేదు గాని తీసుకున్నాను.

ఆ పేజీ నిజంగానే పడిపోయిందట, ఎంత వెతికినా కనిపించనంత కిందికి. నా ప్రార్థన విని దేవుడు అమెరికాలో లెక్క మార్చాడని సాక్ష్యం చెప్పమని కొందరన్నారు. నేను చెప్పను. ఆ లెక్క ఎవరు ఎందుకు మార్చారో నాకు తెలియదు, రేపు మళ్లీ మార్చి అలాంటి పేజీనే ఇంకోదాన్ని నెత్తిన పెట్టుకోరని నమ్మకమూ లేదు, వాళ్లకు కావలసింది మాటల లెక్క, మనిషి బతికాడా చచ్చాడా అన్న లెక్క కాదు! దేవుడు చేసిన కార్యం నేను కళ్లారా చూశాను, అది చెబుతాను: నా భర్త ఆ వార్తలు చదవడం మానేసి వాళ్లమ్మ ముఖం చూశాడు. ఆ ఉద్యోగం విడిచిపెట్టి ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేసే చోట పనిచేస్తున్నాడు. పొద్దున నేను సూది తీస్తే అవతలికి పోడు, పక్కన కూర్చుని వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంటాడు. చూడలేడు, కళ్లు మూసుకుంటాడు, అయినా చెయ్యి వదలడు.

ప్రియ సహోదరులారా, మీలో రోగంతో, చింతతో నలిగిపోతున్న వాళ్లుంటే యేసయ్యను నమ్మండి, ఆయన్ని మించిన వైద్యుడు లేడు. కానీ ఆయన పేరు చెప్పి గాని, ఏ యంత్రం పేరు చెప్పి గాని మందు ఆపమనే ఏ సాక్ష్యాన్నీ నమ్మకండి, అలా వినబడితే నా సాక్ష్యాన్ని కూడా నమ్మకండి. మీకు భయంగా ఉంటే మా మందిరానికి కబురు పంపండి. మా అత్తమ్మ వస్తుంది. నడక కష్టమే, మా ఆయన రెక్క పట్టుకుని కుంటుకుంటూ వస్తుంది, ఇప్పటికే చాలా ఇళ్లకు వెళ్లింది. ముందు మీరు సూది వేయించుకునేదాకా ఎదురుగా కూర్చుని చూస్తుంది, ఆ తర్వాతే ప్రార్థనకు కళ్లు మూస్తుంది. ఆమెన్.