మన్మథరావు మేస్త్రి, నేను పోసిన ఎర్ర కూలెంటు

మన్మథరావు మేస్త్రి గురించి నర్సీపట్నంలో ఏ డ్రైవర్ని అడిగినా రెండే మాటలు చెబుతాడు. పని బంగారం, నోరు నిప్పు. ఆ నిప్పుకి భయపడే నేను ఆయనతో అబద్ధమాడాను. అది దాచిపెట్టి ఆయన గొప్పతనం చెప్పుకుంటూ పోతే ఇంకో అబద్ధమాడినట్టే, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

నాది పద్దెనిమిదేళ్ళ పాత బస్సు. యజమానినీ నేనే, డ్రైవర్నీ నేనే. పొద్దున్నే టీచర్లనీ సచివాలయం ఉద్యోగుల్నీ ఎక్కించుకుని లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లి తీసుకెళతాను, సాయంత్రం మళ్ళీ దింపుతాను. ఈ ఇంజను వేడెక్కి పైనుండే హెడ్డు పగిలిందంటే ఇంకో హెడ్డు ఎక్కడా దొరకదు. బస్సు పాత ఇనుముకి పోతుంది, నేను ఇంకొకడి బండి మీద జీతానికి పోతాను. యాభై ఏళ్ళ వయసులో ఆ ఆలోచనే నాకు నిద్ర పట్టనివ్వదు.

మేస్త్రి గారికి అరవై దగ్గర పడ్డాయి. పదిహేనో ఏట స్పానర్ పట్టారు. చదివింది ఐదో తరగతే గానీ ఇంజన్ని చల్లబరిచే కూలెంటు డబ్బా చేతికొస్తే కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుని, చివరి అక్షరం దాకా చదువుతారు. "రంగు సూసి కొనీడానికి ఇది సీరేటి?" అని మా డ్రైవర్లందర్నీ తిట్టేవారు. పాత ఇంజనుకి ఇత్తడి రేడియేటరు, సీసంతో వేసిన అతుకులు ఉంటాయి. దానికి ఆయన ఎప్పుడూ వాడేది ఒకే రకం పచ్చ కూలెంటు, సగానికి సగం బ్యాటరీ నీళ్ళు కలిపి. బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నం పేరుకుంటుందని చుక్క కూడా పోయనిచ్చేవారు కాదు. "నా పచ్చదాంట్లో ఇంకోటి కలిస్తే జిగటై అడ్డుపడిపోద్ది, కలిపితే మళ్ళీ నా షెడ్డుకి రాకు" అని నాకు వేలు చూపించి మరీ చెప్పారు.

నెల క్రితం చింతపల్లిలో చూసుకుంటే కూలెంటు తగ్గి ఉంది. కొట్లో ఎర్రదే దొరికింది. "ఐదేళ్ళదాకా సూసుకోనక్కర్నేదు" అన్నాడు కొట్టువాడు. రెండు లీటర్లు పోసేశాను. మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో వారం నుంచి ఘాట్‌లో ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు జరగడం మొదలుపెట్టింది.

మర్నాటి నుంచి పదో తరగతి పరీక్షలనగా సాయంత్రం షెడ్డుకి పట్టుకెళ్ళాను. నా బస్సులో ఇరవై రెండు మందికి పరీక్ష డ్యూటీ. తెల్లవారి ఆరింటికి బండి కదిలి తీరాలి. మేస్త్రి గారు రేడియేటరు కింద కుళాయి విప్పారు. గోధుమరంగు నీళ్ళు బకెట్లో పడ్డాయి. ఆయన వేలు ముంచి, బల్బు వెలుగులో చూశారు.

"ఏటిది సోములూ, రంగు ఇలగుంది?"

"తుప్పు మేస్త్రి గారూ."

"ఇంకేటైనా పోసీసినావా?"

"నేదండి. మీ పచ్చదే."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది చక్కగా అతికింది. ఆయన ఇంజను పక్కనున్న బ్లాకు ప్లగ్గు మీద స్పానర్ వేశారు. కూలెంటు పూర్తిగా దిగాలంటే అది కూడా విప్పాలి. తుప్పుతో బిగిసిపోయి కదల్లేదు. గట్టిగా తిప్పితే విరుగుతుంది, విరిగితే మర్నాడు బండి లేదు. కాసేపు ఆలోచించారు. "లోపల మిగిలినా మనదే కదా, పర్నేదు" అని ఒక్కసారి కడిగి, కొత్త పచ్చ కూలెంటు నింపారు.

నోరు విప్పడానికి అదే సమయం. నేను విప్పలేదు. తిడతారని భయం, బండి ఆగిపోతుందని ఇంకో భయం.

మా ఊళ్ళో ఘాట్ బళ్ళకి ఒక పద్ధతుంది. బాగుచేసిన మేస్త్రి మొదటి ట్రిప్పు తానే ఎక్కి రావాలి. మర్నాడు ఆయన నా పక్కన బానెట్ మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. డౌనూరు దాటి ఎక్కుడు మొదలయ్యేదాకా ముల్లు మధ్యలోనే ఉంది. రెండో మలుపులో కదిలింది. వెనక టీచర్లు ప్రశ్నపత్రాల గురించి మాట్లాడుకుంటున్నారు, ఎవరో నవ్వుతున్నారు. నాలుగో మలుపుకి ముల్లు ఎర్రగీత తాకింది. ముందు నుంచి కూలెంటు కాగిన తీపి వాసన కొట్టింది.

"ఆపు" అన్నారు మేస్త్రి గారు.

"ఎక్కుడులో ఎలాగండి..."

"ఆపరా!"

మలుపు దాటి కొండవైపు ఆపాను. చక్రాలకి రాళ్ళు పెట్టాం. రేడియేటరు మూత చుట్టూ ఆవిరి బుసకొడుతోంది. పక్కనే గెడ్డ పారుతోంది. బకెట్ ముంచుకుని పరిగెత్తుకొచ్చాను. మేస్త్రి గారు నా మణికట్టు పట్టుకుని బకెట్ లాగి పారబోశారు.

"కాలిపోతన్న ఇంజన్లో సన్నీళ్ళు పోస్తావేట్రా? హెడ్డు పగిలిపోద్ది!"

అరగంట ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆ అరగంటలో ఎన్నిసార్లు టైం చూసుకున్నానో లెక్కలేదు. టీచర్లు కిందికి దిగి ఫోన్లు పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటున్నారు. తర్వాత ఆయన తడి గోనె మూత మీద వేసి, పావు తిప్పి ఆగారు, ఇంకో పావు తిప్పారు. మూత తీశారు. లోపల నీళ్ళు లేవు. చిక్కటి జిగట, ఎరుపూ కాదు, గోధుమా కాదు. వేలితో తీసి చాలాసేపు చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

వరహాలక్ష్మి మేడమ్ ముందుకొచ్చారు. పదిహేనేళ్ళుగా నా బస్సులోనే వెళ్ళే లెక్కల టీచరు. "ఏమయ్యా, నిన్న సాయంత్రమే బాగుచేశావట. ఇరవై రెండు మంది డ్యూటీలు. ఈ మలుపులో బండి వెనక్కి జారుంటే మా గతేంటి?"

మేస్త్రి గారు వేలు తువ్వాలుకి తుడుచుకున్నారు. "నిన్న ఒక ప్లగ్గు విప్పాలండి. విప్పనేదు. పాతది లోపలుండిపోయి పేరుకుపోనాది. తప్పు నాదేనండి."

"తప్పంటే సరిపోతుందా? చేతకాకపోతే మానేయాలి!"

ఎంతటివాడినైనా కడిగిపారేసే ఆ మనిషి తలొంచుకుని నిలబడ్డారు. నేను పక్కనే ఉన్నాను. వంగి చక్రం కింద రాయి సరిచేస్తూ ఉండిపోయాను. ఇంతలో వెనక నుంచి మూడు జీపులొచ్చాయి. అందరూ తిట్టుకుంటూ ఇరుక్కుని ఎక్కారు. పరీక్ష వేళకి చేరుకున్నారని తర్వాత తెలిసింది. వాళ్ళతో పాటు మేస్త్రి గారి చేతకానితనం గురించిన కబురు కూడా కొండెక్కింది.

రోడ్డు ఖాళీ అయ్యాక అప్పుడు నాకు నోరొచ్చింది. "మేస్త్రి గారూ, నెల్లాళ్ళ కితం చింతపల్లిలో నేను ఎర్రది పోసీసినానండి. నిన్న మీకు అబద్ధం సెప్పాను."

కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

"ప్లగ్గు విప్పకపోడం నా తప్పే. కానైతే నీ మాట నమ్మే కదరా వొదిలీసినాను" అన్నారు. "నలభై అయిదేళ్ళలో తప్పు నాదని ఎవుడి ముందూ అన్నేదు. ఇయ్యాల ఇంతమంది ముందు అన్నాను. ఈ మాట వోళ్ళున్నప్పుడు సెప్పాలిరా సోములూ. ఇప్పుడు నాకెందుకు? నీళ్ళు మొయ్యి."

ఇంజను పూర్తిగా చల్లారాక గెడ్డ నీళ్ళు మోశాను. ఆయన బ్లాకు ప్లగ్గు చుట్టూ డీజిల్ పోసి, నానబెట్టి, సుత్తితో చిన్నగా తడుతూ మొత్తానికి విప్పారు. ఎర్రటి జిగట బొటబొటా పడింది. ఇరవై బకెట్లు పోశాక నీళ్ళు తేటగా వచ్చాయి. వెంట తెచ్చిన కూలెంటు, బ్యాటరీ నీళ్ళు కలిపి నింపి, మూత తీసి ఉంచి ఇంజను తిప్పి, గాలి బుడగలు ఆగేదాకా చూశారు. హెడ్డు బాగానే ఉంది. నా బస్సు బతికింది. మేమిద్దరం చింతపల్లి చేరాం.

సాయంత్రం అందరూ ఎక్కాక నేను సీట్లోంచి లేచి, వెనక్కి తిరిగి, జరిగిందంతా చెప్పాను. అబద్ధం నాదని, ఎర్రది పోసింది నేనని, ఆయన మాట పడ్డది నా వల్లనని. వరహాలక్ష్మి మేడమ్ బానెట్ వైపు చూసి, "ఆయనేరీ?" అన్నారు.

ఆయన మధ్యాహ్నమే ఆర్టీసీ బస్సుకి టికెట్టు కొనుక్కుని కిందికి వెళ్ళిపోయారు.