హైడ్రోజన్ గారు ఎవరింట్లో ఉన్నారు

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున్న అమలాపురం నుంచి వాళ్ళావిడ ఫోన్ చేశారు. ఆవిణ్ణి మేమంతా అమ్మగారనే పిలుస్తాం. "మీ మాస్టారు వెళ్ళిపోయేరమ్మా. కాఫీ తాగేరు, పేపర్లో ఓ అచ్చుతప్పు పట్టుకుని నాకు చూపించేరు, అలా కుర్చీలో వెనక్కి వాలేరు, అంతే" అన్నారు. ఏడుస్తూనే చెప్పారు గాని, అచ్చుతప్పు దగ్గరకు వచ్చేసరికి ఆవిడ గొంతులో చిన్న నవ్వు వినిపించింది. ఆయన్నే కోరుకోమంటే అలాంటి పొద్దున్నే కోరుకునేవారని మా ఇద్దరికీ తెలుసు.

ఆయన్ని ఎరగని మీకు కొంచెం చెప్పాలి. రిటైరయ్యేదాకా ఇంటర్ పిల్లలకు కాలేజీలో పాఠం చెప్పారు, ఆ తర్వాత వాళ్ళింటి వీధరుగు మీద చెప్పారు. సన్నటి మనిషి, మెత్తటి మాట. మర్యాద మాత్రం మరీ ఎక్కువ. మూలకాలను కూడా గారు అనకుండా పిలిచేవారు కాదు. సోడియం గారికి కోపం జాస్తి, నీళ్ళు కనబడితే ఆగలేరు. నియాన్ గారు ఒకరింటికి వెళ్ళరు, తమ ఇంటికి ఎవరినీ రానివ్వరు. ఈ ధోరణి మాకు ఎంత పట్టేసిందంటే నేనొకసారి పరీక్షలో "క్లోరిన్ గారు" అని రాసి వచ్చాను. మార్కు పోయిందో లేదో తెలియదు, ఆయన మాత్రం రెండు రోజులు నవ్వారు.

హైడ్రోజన్ బంధం పాఠానికి ఆయన సొంతంగా చేసుకున్న వస్తువు ఒకటి ఉండేది. ఒక పలక చెక్క, దాని మీద బోర్లించిన రెండు కొబ్బరి చిప్పలు, వాటి మధ్య బిగించిన సన్నటి కొబ్బరి పీచు తాడు. తాడుకి ఒక కుంకుడు గింజ గుచ్చి ఉండేది. ఒక చిప్ప మీద సుద్దతో నైట్రోజన్ అనీ, రెండో దాని మీద ఆక్సిజన్ అనీ రాసేవారు. గింజే హైడ్రోజన్. దాన్ని ఒక పక్కకు జరిపి అడిగేవారు.

"హైడ్రోజన్ గారు ఎవరింట్లో ఉన్నారు?"

"నైట్రోజన్ గారింట్లో అండీ."

"మరి ఆక్సిజన్ గారికేవుంది?"

"ఆశ అండీ."

"ఆయ్. ఆ ఆశనే మనం హైడ్రోజన్ బంధం అంటాం. మీ ఒంట్లో ప్రోటీన్లు మడత చెడకుండా ఉన్నాయంటే అలాంటి ఆశలు వేలకి వేలు పట్టుకుని ఉన్నాయన్నమాట."

తర్వాత ఒక చిప్పను రెండో దాని దగ్గరకు జరిపి, తాడు మళ్ళీ బిగించి, గొంతు తగ్గించేవారు. ఇద్దరూ బాగా దగ్గరైతే హైడ్రోజన్ గారు సరిగ్గా మధ్యలో నిలబడి ఇద్దరి మనిషీ అయిపోవచ్చట, అప్పుడు బంధం చాలా గట్టిదట. ఎంజైములు అంత చురుగ్గా పని చెయ్యడానికి అదే కారణమని కొందరు, అంత అవసరం లేదని కొందరు పెద్దవాళ్ళు పోట్లాడుకుంటున్నారట. "ఎవరిది రైటో నాకు తెలీదమ్మా. మీలో ఎవరైనా చూసొచ్చి చెప్పండి" అనేవారు. ఆ మాట నేను నిజమని నమ్మేశాను. హైదరాబాద్ వెళ్ళి పీహెచ్‌డీలో చేరింది అది చూడటానికే.

నాకు దొరికిన ఎంజైమ్ మన పొట్టలో పప్పును అరిగించే జాతిది. దాని మధ్యలో ఒక నైట్రోజన్‌కీ ఒక ఆక్సిజన్‌కీ నడుమ ఒక హైడ్రోజన్ ఉంటుంది. నా మొదటి స్పెక్ట్రమ్‌లో, అంటే యంత్రం గీసిచ్చిన పటంలో, అది మధ్యలో ఉంటే గీత ఎక్కడ రావాలో సరిగ్గా అక్కడే వచ్చింది. పరుగున ఫోన్ చేశాను. మాస్టారు ఆ వారం మంగలి కొట్టు దగ్గర్నుంచి చర్చి పెద్దల దాకా అందరికీ చెప్పారు. చెప్పడంతో ఆగలేదు. "గింజని మధ్యలో పెట్టి జిగురుతో అంటించేసేనమ్మా. ఇంక కదలదు" అన్నారు. నాకు పట్టరానంత సంతోషం వేసింది.

ఏడాది తర్వాత అదే ఎంజైమ్ స్ఫటికాలను న్యూట్రాన్లతో చూశాం. హైడ్రోజన్ ఎక్కడుందో అవి నేరుగా చూపిస్తాయి. అది మధ్యలో లేదు. బంధం మామూలు కంటే పొట్టిదే, గట్టిదే, కాని హైడ్రోజన్ నైట్రోజన్ గారింట్లోనే ఉంది. థీసిస్ ఇచ్చే గడువు దగ్గరపడింది. ఆ ఫలితాన్ని అందులో పెట్టాలా, తర్వాతెప్పుడో చూసుకోవాలా అన్నది గైడు గారు నాకే వదిలేశారు. పెట్టకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పరీక్షకుల కంటే అమలాపురంలో అంటించి ఉన్న ఆ గింజే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఒక ఆదివారం వెళ్ళాను. వాళ్ళు చర్చి నుంచి అప్పుడే వచ్చారు. అమ్మగారు మాంసం ముక్కలకు పచ్చి బొప్పాయి తురుము పట్టిస్తున్నారు. "ఇదీ ఎంజైమ్ పనేనటమ్మా, నాకెవ్వరూ డిగ్రీ ఇవ్వలేదు" అని నవ్వించబోయారు. నాకు నవ్వు రాలేదు. మాస్టారితో ఉన్నదంతా చెప్పేశాను.

ఆయన లేచి, "ఓ బేసిన్‌తో వేణ్ణీళ్ళు ఇవ్వవోయ్" అని లోపలికి కేకేసి, పలక చెక్కని గోడ మీంచి దించారు. కూర ఉడికేంతసేపూ గింజని వేణ్ణీళ్ళలో నానబెట్టి గోటితో గీకుతూ కూర్చున్నారు.

"తప్పు నీది కాదమ్మా, జిగురుది. తెలిసింది చెప్పాలి గాని అంటించకూడదు. ఆ ఫలితం పెడతావా?"

"మీరు ఊరందరికీ చెప్పేసేరు కదండీ."

"మళ్ళీ చెబుతాను. సాయంత్రాలు నాకు పనేవుంది?"

గింజ ఊడింది. భోజనానికి కూర్చున్నాం. ముక్క నోట్లో పెడితే కరిగిపోయింది.

ఆ ఫలితం పెట్టాను. థీసిస్ ఆర్నెల్లు ఆలస్యమైంది, అడిగిన ప్రశ్నలన్నీ దాని మీదే అడిగారు. ఇవాళ నా మాట నలుగురు నమ్ముతున్నారంటే ఆ ఆర్నెల్ల వల్లే. ఆయన కూడా అన్న మాట నిలబెట్టుకున్నారు. మొన్న సమాధుల తోటలో మంగలి పెద్దాయన నా పక్కకు వచ్చి, "సగం గెడ్డం గీసేక నా చెయ్యట్టుకుని ఆపేసేరండీ. 'గింజ మధ్యలో లేదంటయ్యా, మా అమ్మాయి చూసొచ్చింది' అని చెప్పేకే మిగతా సగం గీయించుకున్నారు" అన్నారు. ఏడుపులో ఇద్దరం నవ్వుకున్నాం.

వచ్చేటప్పుడు అమ్మగారు ఆ పలక చెక్కని నా చేతుల్లో పెట్టారు. గింజ మీద జిగురు మచ్చ తెల్లగా ఇంకా ఉంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా గింజ ఈ చిప్ప దగ్గరికి, ఆ చిప్ప దగ్గరికి జరుగుతూనే ఉంది. ఒక్కసారి, ఆయన మీద బెంగతో, వేలు పెట్టి దాన్ని మధ్యలో నిలబెట్టాను. కొత్తపేట దాకా అలాగే పట్టుకున్నాను. తర్వాత వేలు తీసేశాను. రావులపాలెం వంతెన ఎక్కేటప్పుడు బస్సు ఒక్క కుదుపు కుదిపింది. గింజ తాడు మీద జారుకుంటూ వెళ్ళి నైట్రోజన్ గారి గుమ్మంలో ఆగింది.