గోనెతో కొలిచిన బేస్‌బాల్

ఇంటర్ పాసైన గర్వంతో ఒమన్ వెళ్ళినవాణ్ణి నేను. డెబ్బైల చివర్లో అల్ హైల్ దగ్గర రోడ్లూ కల్వర్టులూ కట్టే కంపెనీలో టైమ్ కీపర్ని. డ్యూటీకి రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎర్ర సిరాతో గీత గీసేవాణ్ణి. క్యాంపులో నేనంటే ఎవరికీ పడేది కాదు. తప్పు వాళ్ళదే అనుకునేవాణ్ణి.

మా సూపరింటెండెంట్ అమెరికావాడు. ఆ ఎడారిలో నీళ్ళు లేవు, నీడ లేదు, కూరగాయలు లేవు. ఆయనకు మాత్రం బేస్‌బాల్ లేకపోవడమే లోటుగా కనిపించింది. ఓడలో పెట్టె తెప్పించాడు. బంతులు బాగానే వచ్చాయి, బ్యాటు విరిగి వచ్చింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన సెంట్రింగ్ వడ్రంగి ఒకాయన కాంక్రీటు పోయడానికి పలకలు కట్టగా మిగిలిన కర్రతో ఒక్క పూటలో కొత్తది చెక్కి ఇచ్చాడు. రూల్సు పుస్తకం నా చేతికొచ్చింది. రెండు రోజుల్లో బట్టీ పట్టేశాను.

శుక్రవారం ఆటకు ముందు ఆ ఆట ఎవరిదన్న దాని మీద గొడవ. మా దేశంలో ఆవులు మేసే బీట్లో పుట్టిందన్నాడు సూపరింటెండెంట్. మా ఊళ్ళో ఆడపిల్లలు ఎప్పటినుంచో ఆడేదే అన్నాడు ఇంగ్లీషు సర్వేయరు. పంపులు బిగించడానికి వచ్చిన జపాన్ మెకానిక్ సూపరింటెండెంటుకు మర్యాదగా తల వంచి, "వందేళ్ళ కింద మీ పంతులే మా బడిలో నేర్పాడు. కానీ ఇప్పుడది మాదే" అన్నాడు. వడ్రంగికి ఇదంతా నేను తెలుగులో చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఇది మన చిర్రగోనెనే గద తమ్మీ. చిర్రను గుండ్రంగ జేసిండ్రు, గోనెను లావుగ జేసిండ్రు. కొలుసుడు చాతగాక ఉరుకుడు వెట్టుకున్నరు."

చిర్ర అనే చిన్న కర్రముక్కను గోనె అనే పొడుగు కర్రతో కొట్టి, పడ్డచోటి దాకా ఆ గోనెతోనే కొలుచుకుంటూ పోవడం మా వైపు ఆట. వడ్రంగి ఏమన్నాడని సూపరింటెండెంట్ అడిగితే అదీ చెప్పాను. ఆయనకు రోషం వచ్చింది.

వడ్రంగి ఇల్లు విడిచి రెండేళ్ళ ఎనిమిది నెలలు. వచ్చాక కూతురు పుట్టింది. ఇంతవరకూ ముఖం చూడలేదు. లీవు అడిగినప్పుడల్లా, నువ్వు పోతే సెంట్రింగ్ ఎవడు చేస్తాడని సూపరింటెండెంట్ కాగితం పక్కన పెట్టేవాడు. ఆ రోజు రోషంలో అందరి ముందూ అనేశాడు: "బంతిని నీళ్ళ టాంకర్ దాటించు. ఇక్కడే సంతకం పెడతా."

నేను సూపరింటెండెంట్ జట్టులో, దూరంగా టాంకర్ వైపు నిలబడ్డాను. జపాన్ మెకానిక్ అంపైరు. వడ్రంగి మొదటి బంతినే కొట్టాడు. అది నా తల మీదుగా పోయి టాంకర్ అవతలకు కాదు, ఇవతలే ఉన్న గోతిలో పడింది. ఆ గొయ్యి మైదానంలోంచి ఎవరికీ కనబడదు. దిగి బంతి తీసుకుని వెనక్కి పరుగెత్తాను.

వడ్రంగి మాత్రం పరుగెత్తడం లేదు. బ్యాటును నేల మీద పరిచి, తిప్పి, మళ్ళీ పరిచి, కూచున్నచోటినుంచే జరుగుతూ కొలుస్తున్నాడు. సగం జనం బేస్ వైపు ఉరకమని అరుస్తున్నారు. బేస్ చేరకముందే బంతి తాకిస్తే అవుటని రూలు. నేను వెళ్ళి వంగిన వీపుకు బంతి తాకించి "అవుట్!" అని కేకేశాను. అంత గట్టిగా నా జన్మలో అరవలేదు.

"జర ఆగు తమ్మీ, లెక్క దప్పుతది. ముప్పై ఏడు..."

క్యాంపంతా నన్ను చూసింది. మొదటిసారి నాకు సిగ్గేసింది. ముఖం చూడని బిడ్డ కోసం కొట్టినవాణ్ణి పట్టుకుని రూలు చెబుతున్నాను.

జపాన్ మెకానిక్ చెయ్యెత్తి అవుటన్నాడు. సూపరింటెండెంట్ మాత్రం, "అవుట్ అవుటే. కానీ పందెం పరుగు మీద కాదు, టాంకర్ మీద. బంతి ఎక్కడ పడింది?" అని నన్నడిగాడు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"టాంకర్ వెనకాల సార్" అన్నాను.

నమ్మాడు. నేను ఎవరికీ ఒక్క నిమిషం కూడా వదలనివాణ్ణి కదా. అందరం కొలుచుకుంటూ పోతున్న వడ్రంగి వెంట నడిచాం. గోతిలోకి దిగాక, నూట పన్నెండు దగ్గర, ఇసుకలో బంతి పడ్డ గుంత, చుట్టూ నా బూట్ల గుర్తులు. సూపరింటెండెంట్ కళ్ళు టాంకర్ మీదే ఉన్నాయి. వడ్రంగి ఆగాడు. తలెత్తి నన్ను చూశాడు. ఆయన మళ్ళీ వంగి ఆ గుంత మీదుగానే బ్యాటు పరిచి, "నూట పదమూడు" అన్నాడు.

నేను చూపించిన చోటికి నూట ముప్పై నాలుగు. టాంకర్ బంపర్ మీదే కాగితం పెట్టి సూపరింటెండెంట్ సంతకం చేశాడు. వడ్రంగి దాన్ని జేబులో పెట్టుకుని, బ్యాటుకు అంటిన ఇసుక దులిపి నా చేతికిచ్చాడు.

"గుంత జూసిన తమ్మీ" అన్నాడు మెల్లగా. "బిడ్డకు నీ ముచ్చట జెప్త."