ముప్పై ఎనిమిదో సీటు

మీకు నవ్వు రావచ్చు గానీ, ఆ సోమవారం బెల్లమ్మ కళ్ళజోడు ఇంట్లో కిటికీ గట్టు మీద మర్చిపోకపోయి ఉంటే ఇంత గొడవే ఉండేది కాదు. గాలిని తిట్టుకుని లాభం లేదు. ఫ్యాను వేసింది కూడా బెల్లమ్మే.

బెల్లమ్మ అంటే ఆ బడిలో అటెండరు. బెల్లు కొట్టేది తనే కాబట్టి పిల్లలు ఎప్పుడో ఆ పేరు ఖాయం చేసేశారు. ఒకసారి పోస్టుమాన్ వచ్చి అసలు పేరుతో అడిగితే, "అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరయ్యా" అని తనే గేటు దగ్గర్నుంచి పంపేసింది. ఆ ముచ్చట చెప్పుకుని బడి మొత్తం వారం రోజులు నవ్వింది, అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది.

చిన్నప్పుడు తనూ బడికెళ్ళింది. కాళ్ళు చురుగ్గా ఉన్నాయని మాస్టారు తలుపు పక్కన కూర్చోబెట్టాడు. సుద్దముక్క తే, పక్క క్లాసు నుంచి స్కేలు తే, మంచినీళ్ళు తే. తెచ్చి కూర్చునేసరికి పాఠం దాటిపోయేది. ఐదో తరగతికి వచ్చేసరికి బడిలో ఏ గదిలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది గానీ ఎక్కాలు మాత్రం ఏడు దగ్గరే ఆగిపోయాయి. "నన్ను తలుపు దగ్గర కూర్చోబెట్టారు, ఇంకా తలుపు దగ్గరే ఉన్నా" అని తన మీద తనే జోకేసుకునేది. నీలం కోటు, జేబు నిండా తాళాలు, చేతిలో తడిగుడ్డ, పద్నాలుగేళ్ళుగా అదే వరండా. కూతురు ఆరో తరగతి, అదే బడిలో. అమ్మ ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ పిల్లకి అక్కడ చోటు.

ఆ బడిలో నెలకో పరీక్ష. పరీక్ష తర్వాతి సోమవారం సీట్లు మారతాయి. బాగా రాసినవాళ్ళు ముందుకి, రాయనివాళ్ళు వెనక్కి. బల్లకి రెండు చొప్పున ఒకటి నుంచి నలభై దాకా తెల్లరంగుతో అంకెలు వేసి ఉంటాయి. ఆఫీసువాళ్ళు పిల్లల పేర్లు చీటీల మీద అచ్చువేసి, ఏ పేరు ఏ అంకె దగ్గర అతికించాలో ఒక జాబితా ఇస్తారు. అతికించడం బెల్లమ్మ పని. దిద్దిన పేపర్లు నెలాఖరు మీటింగుకి అమ్మానాన్నలు వచ్చినప్పుడే చూపిస్తారు. అంతవరకూ ఎలా రాశారో పిల్లలకి చెప్పేది ఆ బల్లే.

ఆ సోమవారం ఎనిమిదో తరగతిలో చీటీలన్నీ ఆఫీసువాళ్ళిచ్చిన వరసలోనే బల్లల మీద పేర్చుకుంది. ఉక్కగా ఉందని ఫ్యాను వేసింది. రెండు చీటీలు ఎగిరి కిందపడ్డాయి. ఖాళీగా మిగిలినవి రెండే, నాలుగో సీటు, ముప్పై ఎనిమిదో సీటు. జేబులో జాబితా ఉంది గానీ కళ్ళజోడు లేదు, అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. బెల్లుకి రెండే నిమిషాలుంది. ముందు వరస దగ్గర పడ్డ చీటీ ముందుదే అయ్యుంటుంది అనుకుంది. జిగురు రాసింది, అతికించింది, పరిగెత్తి వెళ్ళి బెల్లు కొట్టింది. పద్నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా బెల్లు ఆలస్యం కాలేదన్నది ఆవిడ గొప్ప.

వారం దాటాక ఒక సంగతి కంటపడింది. రెండు జడల పిల్ల, ఎప్పుడూ ముందు బల్లలో కూర్చుని గలగలా మాట్లాడే పిల్ల, లెక్కల పీరియడు వచ్చినప్పుడల్లా బాత్రూముకి వెళుతోంది. మొదట కడుపు బాగోలేదేమో అనుకుంది. సాయంత్రం బల్లలు తుడుస్తుంటే ముప్పై ఎనిమిదో సీటు కింద కొరికిన గోళ్ళు, ముక్కలు ముక్కలు చేసిన రబ్బరు, నమిలి నమిలి తాడులా చేసిన రిబ్బను చివర. మర్నాడు ఆ పిల్ల టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా వరండాలో మర్చిపోయింది. తొమ్మిదో రోజు బెల్లమ్మ బాత్రూము తలుపు బయట నిలబడింది. లోపల కుళాయి పారుతోంది. కుళాయి చప్పుడు చాటున ఏడుపు.

"ఏంటమ్మలూ, ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు."

"మరి?"

"ఏం లేదు బెల్లమ్మా. ముప్పై ఎనిమిది వచ్చింది. జ్వరంలో రాశా, ఒక లెక్క వదిలేశా. ఒక్క లెక్కే వదిలేశా అనుకున్నా. అన్నీ తప్పే అన్నమాట." ముఖం కడుక్కుంటూనే ఉంది. "ఇప్పుడు చేస్తే వచ్చే లెక్కలు కూడా రావట్లేదు. మేడం నన్నేం అడగదు కూడా. వెనకవాళ్ళు చూసి రాసుకుంటే చాలు అంటుంది."

లెక్కల మేడం కొత్త మనిషి. పాత మేడం కాన్పు సెలవు మీద వెళితే సరిగ్గా ఆ సోమవారమే చేరింది. ఆవిడకి పిల్లల్ని చూపించింది కూడా ఆ బల్లలే.

ముప్పై ఎనిమిది అన్న మాట చెవిన పడగానే బెల్లమ్మకి ఆ రోజు ఖాళీగా మిగిలిన రెండు సీట్లూ గుర్తొచ్చాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి జేబులోకి వెళ్ళింది. జాబితా అక్కడే ఉంది, నాలుగు మడతలుగా.

ఇంటికెళ్ళాక కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివింది. తన చదువు మీద తనకే నమ్మకం లేక కూతురి చేతికిచ్చింది.

"నాలుగో అంకె ఎదురుగా ఎవరుంది చూడు."

"రెండు జడల అక్క. ఎందుకు?"

"ముప్పై ఎనిమిది?"

"నత్త అంటారే, ఆ అక్క. అయినా నత్త ఇప్పుడు ముందు కూర్చుంటోంది కదా." కూతురు కాగితం దించి అమ్మ ముఖంలోకి చూసింది. "అమ్మా. నువ్వు మార్చేశావా?"

"నేను మార్చలేదు. గాలి మార్చింది."

"గాలి జిగురు రాయదమ్మా."

ఆ పిల్ల నోరంటే నోరు. కానీ వెంటనే మెత్తబడింది. "ఎవరికీ చెప్పకు. వచ్చే పరీక్షకి ఎలాగూ సీట్లు మారతాయి. చెబితే నిన్ను తీసేస్తారు. పోయినేడు గేటు తెరిచి వదిలేశాడని ఆ వాచ్‌మన్ తాతని తీసేశారు. అప్పుడు నేనెక్కడ చదవాలి?"

బెల్లమ్మకి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. వచ్చే పరీక్ష ఎప్పుడో లెక్క వేసుకుంది. ఇంకా పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజుల్లో ఆ రిబ్బను ఎంత మిగులుతుంది? మీటింగులో పేపర్లు చూపిస్తారులే అని సర్దిచెప్పుకోబోయింది. అదీ రెండు వారాలుంది. 

మర్నాడు పొద్దున్నే రెండు జడల పిల్లని నీళ్ళ ట్యాంకు పక్కకి పిలిచింది.

"నీది ముప్పై ఎనిమిది కాదు బంగారం. నేనే తప్పు అతికించా. నీది నాలుగు."

పిల్ల నవ్వింది. ఆ నవ్వు ఎనభై ఏళ్ళ ముసలమ్మ నవ్వులా ఉంది.

"నన్ను ఓదార్చడానికి అంటున్నావు. మా అమ్మ కూడా అలాగే అంటుంది."

"ఒట్టు తల్లీ."

"పోనీ బెల్లమ్మా. నిన్న నాలుగు లెక్కలు చేస్తే నాలుగూ తప్పొచ్చాయి. నాలుగో సీటు వాళ్ళకి అలా వస్తాయా?"

ఎక్కాలు ఏడు దాటని మనిషి ఆ పిల్ల లెక్కలు ఒప్పో తప్పో ఎలా చెబుతుంది? జాబితా తియ్యబోయింది, చెయ్యి జేబులోనే ఆగింది. చీటీ తప్పు పడితే ఒక్క నిమిషంలో పీకొచ్చు, పిల్ల లోపల పడ్డది ఎలా పీకాలో తెలియలేదు. ఈలోపు ఎవరో పిలిస్తే పిల్ల వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోతే వెంటనే పెద్ద మేడం గదికి పరిగెత్తేది. రెండో పిల్ల ఉంది కదా, అదీ చిక్కు.

ఆ పిల్లని నత్త అంటారు, మెల్లగా రాస్తుందని. ఏ క్లాసుకెళ్ళినా వెనక గోడకి ఆనుకుని ఉండేది. నాలుగో సీటులో పేరు చూసిన మొదటి రోజు, ఎవరో కోప్పడతారన్నట్టు సీటు అంచున కూర్చుంది. కొత్త మేడం "నాలుగో ర్యాంకా, రా, బోర్డు మీద చెయ్యి" అంది. లెక్క రాలేదు. "మెల్లగా చెయ్యి, తొందరేం లేదు" అని మేడం సుద్దముక్క చేతిలో పెట్టి నిలబడింది. అంతసేపు ఎవరూ ఆ పిల్ల కోసం ఎప్పుడూ నిలబడలేదు. లెక్క వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే అందరికంటే ముందొస్తోంది. బెల్లమ్మ తాళం తీసేదాకా మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటోంది.

"బెల్లమ్మా, నేను మొద్దునని ఇన్నాళ్ళూ అనుకున్నా తెలుసా" అంది ఒకరోజు, ఎవరో పక్కింటి పిల్ల గురించి చెబుతున్నట్టు.

ఇప్పుడు ఆ పిల్లని లేపి వెనక్కి పొమ్మనాలి. ఒక పిల్ల కంట్లో నలుసు తీసి ఇంకో పిల్ల కంట్లో వెయ్యాలి. బెల్లమ్మ ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది. సాయంత్రం ముప్పై ఎనిమిదో సీటు కింద నోటుపుస్తకం కాగితం ఒకటి దొరికింది. ఒకటే వాక్యం, పేజీ నిండా, కొట్టేసి మళ్ళీ రాసింది. కూడబలుక్కుని చదివింది. నాకు ఏమీ రాదు. నాకు ఏమీ రాదు. ఏమీ అన్న చోట పెన్ను కాగితాన్ని చింపేసింది.

మర్నాడు పొద్దున బడి తాళాలు తీసి, తిన్నగా పెద్ద మేడం గదికి వెళ్ళింది. జాబితా, ఆ కాగితం, రెండూ బల్ల మీద పెట్టింది. చెప్పాల్సింది గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పెద్ద మేడం జాబితా విప్పి రెండు అంకెల దగ్గరా వేలు పెట్టి చూసింది.

"ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులమ్మా."

"ఆ పిల్లకి చెప్పావా?"

"చెప్పా. నమ్మలేదు."

"టీచర్లు ఒక్కరు కూడా అడగలేదా, ఎందుకిలా పడిపోయావని?"

"అడిగారంట అమ్మా. ఎందుకు పడిపోయావని అడిగారు. పడిపోయావా అని అడగలేదు."

పెద్ద మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. సొరుగులోంచి రెండు కొత్త చీటీలు తీసి తనే పేర్లు రాసింది. "బెల్లు కొట్టేలోపు రెండూ మార్చేసి రా. నీ సంగతి తర్వాత మాట్లాడదాం."

ఆ "తర్వాత" అన్న మాట వీపు మీద మోసుకుంటూనే బెల్లమ్మ జిగురు గిన్నె పట్టుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళింది. ముందు వెనక వరసకి పోయింది. తడిగుడ్డతో నానబెట్టి, గోటితో గీకి, ముప్పై ఎనిమిదో సీటు మీది చీటీ ఊడదీసింది. తెల్లటి మరక మిగిలింది. తర్వాత ముందుకొచ్చింది.

నత్త అప్పటికే నాలుగో సీటులో ఉంది. చెయ్యి సరిగ్గా తన పేరు మీదే ఉంది.

"బెల్లమ్మా, ఇవాళ నన్ను బోర్డు దగ్గరికి పిలుస్తారు. ఈ లెక్క మూడుసార్లు చేశా. మూడుసార్లూ ఒకటే జవాబు. అంటే రైటే కదా?"

"రైటే అయ్యుంటుందమ్మా."

"ఆ జిగురెందుకు?"

బెల్లమ్మ గిన్నె బల్ల అంచున పెట్టింది. చెయ్యి తియ్యమ్మా అనాలి, అంతే, మూడు మాటలు కూడా లేవు. ఆ పిల్ల చేతివేళ్ళకి సుద్ద అంటుకుని ఉంది.

"ఈ బల్ల మీద ముగ్గురు పడతారా?" అంది చివరికి.

"సన్నవాళ్ళయితే పడతారు."

"సన్నదే. ఈ మధ్య మరీ సన్నబడింది."

రెండు జడల పిల్ల పేరున్న కొత్త చీటీ తీసి, మూడుకీ నాలుగుకీ మధ్య ఖాళీలో అతికించింది. అరచేత్తో గట్టిగా అదిమింది. పిల్లలు రావడం మొదలెట్టారు. రెండు జడల పిల్ల ఎవరివైపూ చూడకుండా వెనక వరసకి వెళ్ళింది. ముప్పై ఎనిమిదో సీటు దగ్గర ఆగి, మరక చూసి, అలాగే నిలబడిపోయింది. ఇంకా వెనక్కి తోశారేమో అన్నట్టు ముప్పై తొమ్మిది, నలభై కూడా చూసింది.

"ఇటు," అంది బెల్లమ్మ. "ఇటు రా తల్లీ. ఈసారి కళ్ళజోడు పెట్టుకునే అతికించా."

పిల్ల వచ్చింది. చీటీ చదివింది. జిగురు తడి ఆరిందో లేదో అన్నట్టు వేలితో ముట్టుకుంది. కూర్చోలేదు. నత్త సంచీ ఒళ్ళోకి లాక్కుని, "కూర్చో, జరుగుతా" అంది. "ఈ లెక్క చూసి పెట్టు. రైటేనా?"

రెండు జడల పిల్ల పుస్తకం వంక చూసింది. తీసుకోవాలా వద్దా అని చెయ్యి గాలిలో ఆగింది.

వరండాలోంచి పెద్ద మేడం గొంతు. "బెల్లమ్మా, బెల్లేదీ? నాలుగు నిమిషాలు దాటింది."

బెల్లమ్మ గిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

"రెండూ అయ్యాయా?"

"ఒకటయిందమ్మా" అని బెల్లు వైపు నడిచింది. జిగురు రాసిన రెండో చీటీ, నత్త పేరున్నది, కోటు జేబులో బట్టకి అతుక్కుపోయి ఉంది.