వాన వద్దనుకున్నవాణ్ణి

కంబదూరు దాటి మట్టిరోడ్డున పోతే వచ్చే ఆ ఊళ్లో, ఆకాశం వంక చూసి "పడకు తల్లీ, పడకు" అనుకున్న మనిషి ఒక్కడే ఉండి ఉంటాడు. వాడు నేనే. ఈ సంగతి అప్పట్లో ఊళ్లో తెలిసి ఉంటే నన్ను తన్ని తరిమేవాళ్లు. తరిమినా తప్పు పట్టేవాణ్ణి కాదు.

తొంభైల చివర్లో మాట. వేరుశనగ మీద నా పీహెచ్‌డీ. నీళ్లు అందకపోతే ఏ రకం ఎన్నాళ్లు నిలబడుతుందో తేల్చడం నా పని. అందుకోసం పైరు పూతకొచ్చి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు సగం మళ్లకు నీళ్లు పెట్టి, మిగతా సగానికి ఆపేయాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆకులు తెంపి, తూచి, లోపల ఎంత తడి మిగిలిందో చూడాలి. నీళ్లు ఆపిన మళ్ల మీద ఒక్క మంచి వాన పడిందా, ఆ ఏటి పని గోవిందా!

నేను కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి. కాలవలో ఈత కొట్టి పెరిగినవాణ్ణి. నాకు ఎండిన నేల కావలసివచ్చి అనంతపురం పంపారు. ఊళ్లో బండల మిద్దె ఒకటి అద్దెకు తీసుకున్నాను. కళ్యాణదుర్గం నుంచి బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. నా మాట వాళ్లకు నవ్వులాట, వాళ్ల మాట మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. టీ అంగడి దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు అందుకునేవాళ్లు.

"ఏమప్పా సారూ, సెట్లకు ఉపాసాలు పెడతాండావంట?"

నవ్వి, టీ తాగి లేచేవాణ్ణి. సాయంత్రాలు మిద్దె మీద ఒక్కణ్ణే కూర్చుని ఏదైనా పైకి అనుకుంటే నా గొంతు నాకే కొత్తగా అనిపించేది. రోజంతా ఎవరితోనూ మాట్లాడి ఉండేవాణ్ణి కాదు మరి.

నేను కౌలుకు తీసుకున్న చేను ఒక అవ్వది. ఆమె మొగుడు మేత కోసం గొర్రెలు తోలుకుని కాలవల వైపు పోయాడు. పక్కనున్న మిగతా చేను ఆమే చూసుకునేది. మధ్యాహ్నం నాకు రాగిసంగటి ముద్ద, ఊరిమిండి పచ్చడి పెట్టేది. పెడుతూ తిట్టేది. "తినప్పా, ఎండుకట్టె మాదిరి ఉండావు. నిన్నుగూడా నువ్వే ఎండగడతాండావా ఏమి?" ఆ తిట్లే నాకు ఆ ఊళ్లో చుట్టరికం.

మొదటి ఏడు నీళ్లు ఆపిన తర్వాత సెమినారు ఉందని యూనివర్సిటీకి పోయాను. తిరిగొచ్చి చేలో అడుగుపెడితే కళ్లు చెదిరాయి. నీళ్లు ఆపిన మళ్లు పచ్చగా ఉన్నాయి! అందులోనూ ఎండకు అస్సలు ఆగదని అందరూ కొట్టిపారేసిన రకం అన్నిటికంటే మిసమిసలాడుతోంది. ఇంకేం, దొరికింది, నా పేరు నిలబడిపోయింది అనుకున్నాను. గట్టు మీద ఒక్కణ్ణే గంతులేశాను కూడా. అప్పుడు కనిపించింది, మొదళ్ల దగ్గర మట్టి నల్లగా. వేలు గుచ్చితే తడి.

అవ్వ నవ్వుకుంటూ వచ్చింది. "సూస్తివా? నువ్వు లేవు గదా, సచ్చిపోతాండాయని బిందెతో పోసినా. బాగుండేటివాటికి ఒక బిందె, మరీ వాడిపోయినవాటికి రొండు."

బలహీనమైన రకాలకు ఎక్కువ నీళ్లు! నా లెక్కలు మొత్తం తలకిందులయ్యాయి. అంతెత్తున లేచాను. ఆమె బిత్తరపోయి నిలబడింది.

"ఎండిపోతాంటే సూస్తా యాడుండేది నాయనా? పైరు గదా!"

కళ్యాణదుర్గం పోయి ఎస్టీడీ బూత్ నుంచి మా గైడుకు చెప్పాను. "మళ్లీ వెయ్యి. వచ్చే ఏడు నేను రిటైరవుతున్నాను. అది కూడా పోతే నిన్ను పట్టించుకునేవాళ్లు ఎవరూ ఉండరు," అన్నాడు. అంటే ఇన్నేళ్ల చదువూ ఇక ఒక్క పంటకారు మీద నిలబడింది.

రెండో ఏడు విత్తనం వేసేటప్పుడే నా మళ్లకు నీళ్లు పోయనని అవ్వతో ఒట్టు వేయించుకున్నాను. మాట నిలబెట్టుకుంది. నీళ్లు ఆపిన రోజు నుంచి నా మళ్లు కంటపడకుండా చుట్టుతిరిగి, కంపచెట్ల వైపు నుంచి తన చేలోకి పోయేది. సంగటి మాత్రం తెచ్చేది. మళ్ల వైపు వీపు పెట్టి కూర్చునేది.

వాన రాలేదు. నా మళ్లు వాడినట్టే ఊరి చేలన్నీ వాడుతున్నాయి. నా లెక్కలు మాత్రం అద్భుతంగా వస్తున్నాయి. ఆకులు తూచి లోపల సంతోషపడి, తలెత్తితే చుట్టూ జనం మొహాలు. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోను? ఒకరోజు ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టుకుని పాడుతూ నా గుమ్మంలోకి వచ్చారు. కప్ప మీద నీళ్లు పోస్తే వాన వస్తుందని నమ్మకం. చెంబుతో పోశాను. "వాన రావల్లని అను సారూ," అన్నారు. అన్నాను. తలుపు వేసుకుని మంచం మీద కూలబడ్డాను. ఇంతమంది మధ్య ఇంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

కొలతలు ఇంకో నాలుగు నాళ్లలో ముగుస్తాయనగా, సాయంత్రం పూట తూర్పున మబ్బు లేచింది. గాలి, వెనకే చినుకులు. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. పిల్లలు కేకలు వేశారు, పెద్దవాళ్లు మొహాలు పైకెత్తి నిలబడ్డారు. నేను మాత్రం వాళ్లందరినీ తోసుకుంటూ చేలోకి పరుగెత్తాను. గట్టున చుట్టిపెట్టిన ప్లాస్టిక్ పట్టాలు విప్పి గుంజల మీద కప్పబోతే ఒక అంచు పట్టుకుంటే గాలికి ఇంకో అంచు లేచిపోతోంది. పిలిస్తే ఎవరొస్తారు? ఎన్నాళ్లకో పడిన వానను అడ్డుకోవడానికి రమ్మని ఏ మొహంతో పిలవను? ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లాగుతున్నాను.

అంచు ఒకటి లేవడం ఆగింది. చూస్తే అవ్వ. కొంగు నడుముకు దోపుకుని పట్టా అంచు మీద కూర్చుని ఉంది. "ఈ పక్క నేను పట్టుకోనుండా లేప్పా, ఆ పక్క సూసుకో," అని అరిచింది. వెనక ఆమె సొంత చేను వానలో తడుస్తోంది. అటు తిరిగి కూడా చూడలేదు.

అన్ని అంచులూ రాళ్లతో బిగించి, పట్టా కిందికి దూరి వేలు గుచ్చి చూశాను. పొడిగానే ఉంది.

"తడిసినాయా?" అంది.

"లేదవ్వా."

"ఇంగ ఎన్నాళ్లు?"

"నాలుగు నాళ్లు."

ఆమె పట్టా అంచు కొంచెం ఎత్తి లోపలికి చూసింది. ఆకులన్నీ ముడుచుకుని ఉన్నాయి. అన్నాళ్లు చూడనని మొహం తిప్పుకున్న చెట్లతో మెల్లగా అంది: "ఓర్సుకోండి తల్లీ, ఇంగ నాలుగు నాళ్లే. ఓర్సుకోండి."

ఆ ఊళ్లో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. చెట్లతోనే అంటోందని తెలిసి కూడా, వానలో నిలబడి "సరే అవ్వా" అన్నాను.